‘ఎక్కడ నొప్పి?’: ఫీల్డ్ శిక్షణలో ఆర్మీ మెడిక్‌ల రోజులు, స్నేహాలు

తమ్ముడూ,

ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యావనీ, త్వరలో లక్నో వెళ్తున్నావనీ రాశావు. ముందుగా అభినందనలు. ఆరుబయట డేరాల్లో రోజుల తరబడి ఉంచి శిక్షణ ఇస్తారట, అక్కడ రోజు ఎలా గడుస్తుందని ఒక ప్రశ్న అడిగావు. హిందీ సరిగా రాని నీకు, తెలుగువాళ్లు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండే చోట, ‘నా’ అనుకునే మనిషి దొరుకుతాడా అన్నది రెండో ప్రశ్న. అడిగిన తీరు చూస్తే ఈ రెండోదే నిన్ను ఎక్కువగా కలవరపెడుతున్నట్టుంది.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో సిపాయిగా చేరి హవల్దార్‌గా బయటికి వచ్చాను. 24 ఏళ్ల సర్వీసులో ఆసుపత్రి వార్డుల్లో గడిపిన కాలమే ఎక్కువ. అయినా ఇప్పటికీ నా కలలోకి వచ్చేది వార్డు కాదు, రాజస్థాన్ ఇసుకలో కామ్ నెట్ కింద, అంటే శత్రువు కంటపడకుండా కప్పే వల కింద, వేసిన డేరా. ఏ యూనిట్, ఏ సంవత్సరం అన్న వివరాలు రాయను. అది మాకు అలవాటైన పద్ధతి, రేపు నీకూ అలవాటవుతుంది.

ఫీల్డ్‌లో మన పని ఏమిటో ముందు తెలిస్తే అక్కడి రోజు ఎందుకు అలా నడుస్తుందో అర్థమవుతుంది. గాయపడిన సిపాయి పడిన చోటు నుంచి ఆసుపత్రి మంచం దాకా ఒక గొలుసు ఉంటుంది. మొదట పక్కనున్న తోటి జవానే కట్టు కడతాడు. ప్రతి ఒక్కరి దగ్గరా ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్ అనే కట్టు పొట్లం ఉంటుంది. అక్కడి నుంచి బెటాలియన్ డాక్టరు ఉండే రెజిమెంటల్ ఎయిడ్ పోస్టుకు, తర్వాత ఫీల్డ్ అంబులెన్స్ నడిపే అడ్వాన్స్‌డ్ డ్రెస్సింగ్ స్టేషన్‌కు, ఆపైన శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తీసుకెళ్తారు. మా రోజుల్లో ‘ఫీల్డ్ అంబులెన్స్’ అంటే బండి కాదు, అది ఒక యూనిట్. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఇక్కడ పొరబడేవాళ్లు. డాక్టర్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, అంబులెన్స్ అసిస్టెంట్లు, ల్యాబ్ వాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు అందరూ అందులో భాగమే. ఎక్సర్‌సైజ్‌లో, అంటే యుద్ధ సాధనలో, ఈ గొలుసు మొత్తాన్ని నిజంగానే వేసి, ఉత్తుత్తి క్షతగాత్రులను దాని మీదుగా పంపించి చూస్తారు. ఎక్కడ ఆలస్యమైందో గడియారం చెబుతుంది.

పొద్దున నాలుగు, నాలుగున్నరకు లేస్తాం. జనవరిలో బికనీర్, చూరు పట్టణాల వైపు రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. అదే నేల మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారక ముందే ‘స్టాండ్ టు’. చీకటి విడిపోయే వేళా, చీకటి పడే వేళా దాడికి అనువైనవి కాబట్టి ఆ సమయంలో అందరూ కందకాల్లో ఆయుధాలతో సిద్ధంగా ఉండాలి. మెడిక్‌కు తుపాకీ ఎందుకని నువ్వు అడగవచ్చు. తమను, తమ రోగులను కాపాడుకోవడానికి వైద్య సిబ్బంది వ్యక్తిగత ఆయుధం ఉంచుకోవచ్చని 1949 నాటి జెనీవా ఒప్పందమే చెబుతోంది. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడరు. పక్కవాడి ఊపిరి పొగలా కనిపిస్తూ ఉంటుంది, అంతే.

వెలుతురు వచ్చాక లంగర్ నుంచి, అంటే సైనిక వంటశాల నుంచి, టీ. మా డేరాలో ఆరుగురం. రోజుకొకరు మిగతా ఐదుగురి మగ్గులూ చేతికి తగిలించుకుని లంగర్‌కు వెళ్లేవాళ్లం. పది రోజులు గడిచేసరికి, ఎవరి మగ్గుకు ఎనామిల్ ఎక్కడ పెచ్చు ఊడిందో చీకట్లో వేలితో తడిమి చెప్పగలిగేవాళ్లం. తర్వాత ఒక మగ్గు నీళ్లతో గడ్డం గీసుకోవాలి. ఫీల్డ్‌లో కూడా గడ్డమా అని మొదట్లో విసుగనిపిస్తుంది. ఒకరికి అద్దం ఇంకొకరు పట్టుకోవాలి. ముఖంలో అలసట, కళ్లలో ఎరుపు, ఎండిన పెదాలు ఆ అద్దం పట్టుకున్నవాడికే ముందుగా కనిపిస్తాయి. తన పక్కవాడిని మెడిక్ రోజూ మొదట పరీక్షించేది అక్కడే.

ఆ తర్వాత మొదటి పని రోగులు కాదు, నీళ్లు. ట్యాంకర్‌లో వచ్చిన నీళ్లు ఎంత తేటగా కనిపించినా పరీక్షించకుండా ఎవరి సీసాలోకీ వెళ్లకూడదు. దానికి హోరాక్స్ పెట్టె అనేది ఒకటి ఉంటుంది. అందులో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు, రెండు గ్రాముల బ్లీచింగ్ పౌడర్ పట్టే చెంచాలు ఉంటాయి. నల్ల కప్పులో ఒక చెంచా పౌడర్ కలిపి ద్రావణం చేస్తాం. తెల్ల కప్పుల్లో పరీక్షించాల్సిన నీళ్లు పోసి, మొదటిదానిలో ఒక చుక్క, రెండోదానిలో రెండు చుక్కలు, అలా ఆరో కప్పు దాకా ఆ ద్రావణం వేసి కలిపి అరగంట ఆగుతాం. ఆ తర్వాత స్టార్చ్ అయోడైడ్ చుక్కలు వేస్తే కొన్ని కప్పులు నీలంగా మారతాయి. మొదట నీలం కనిపించిన కప్పు మూడోదైతే, 455 లీటర్ల నీటికి మూడు చెంచాల పౌడర్ వేయాలని లెక్క. ఎంత పాత పద్ధతైనా చేతిలో కరెంటు, కంప్యూటర్ లేని చోట ఇంత నమ్మకంగా పనిచేసేది ఇంకొకటి నేను చూడలేదు.

ఆ అరగంట ఎదురుచూపు గురించి చెప్పాలి. మాతో ల్యాబ్ అసిస్టెంట్‌గా ఒక మలయాళీ అన్న ఉండేవాడు. నాకంటే నాలుగేళ్లు సీనియర్. మొదటి వారం మా ఇద్దరి మధ్యా మాటలు లేవు. నా హిందీ, అతని హిందీ రెండూ కాలికి రాళ్లు కట్టుకున్నట్టు నడిచేవి. కప్పులు ముందు పెట్టుకుని ఇద్దరం గొంతుక్కూర్చుని రోజూ అరగంట ఆగాలి కదా. ఒకరోజు అతను ఇసుక మీద వేలితో ఇల్లు గీసి, పక్కన కొబ్బరి చెట్టు గీశాడు. నేను పక్కనే మా ఇల్లు గీసి, తాటి చెట్టు గీశాను. మర్నాడు ఇంట్లో ఎంతమంది అన్నది. ఆ మర్నాడు చెల్లెలి పెళ్లి అప్పు. ముప్పై రోజులు, రోజుకు అరగంట. నా పెళ్లికి కొల్లం నుంచి రెండు రైళ్లు మారి వచ్చాడు. మనుషుల మధ్య స్నేహం కలవడానికి ఆటలూ పాటలూ అవసరం లేదు తమ్ముడూ, ఇద్దరూ కలిసి ఒకే పని కోసం ఎదురుచూడవలసి రావడం చాలు.

నీళ్ల తర్వాత వంటశాల. వంట చేసేవాళ్ల గోళ్లు, చేతుల మీద పుండ్లు, వాంతులు విరేచనాల సంగతి రోజూ అడిగి చూడాలి. మరుగు గుంతలు వంటశాలకు దూరంగా, గాలివాటానికి దిగువన ఉన్నాయా, వాడిన ప్రతిసారీ మట్టి కప్పుతున్నారా అన్నది కూడా మన బాధ్యతే. ఇవి చిన్న పనులని చిన్నచూపు చూసే కుర్రాళ్లను చాలామందిని చూశాను. ఈగలు ఒక్కసారి లంగర్ పట్టుకుంటే మూడు రోజుల్లో సగం కంపెనీ పడకేస్తుంది. అప్పుడు నీ బ్యాండేజీ నైపుణ్యం ఎందుకూ పనికిరాదు.

సిక్ రిపోర్ట్ వేళకు, అంటే ఒంట్లో బాగాలేనివాళ్లు వచ్చి చూపించుకునే వేళకు, డేరా ముందు వరస కడతారు. చాలా వరకు పాదాలే. బొబ్బలు, కాలివేళ్ల మధ్య చర్మం ఒరుసుకుపోవడం, గోరు లోపలికి పెరగడం. చర్మం ఊడదీయకుండా బొబ్బను శుభ్రం చేసి కప్పడం నేర్చుకో. ఆ చర్మమే దానికి మంచి కట్టు. ఎవరి పాదమైనా చేతిలోకి తీసుకునేటప్పుడు ముక్కు మూసుకోవద్దు, ముఖం తిప్పుకోవద్దు. ఇరవై కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషి నీ ముఖాన్నే చూస్తూ ఉంటాడు. మా డేరాలో రాత్రి పడుకునే ముందు ఒకరి పాదాలు ఒకరు టార్చి వేసి చూసుకునేవాళ్లం. అన్నదమ్ములు కూడా ఇళ్లలో చేయని పని అది. అది మొదలైన తర్వాత మా మధ్య కులం, ప్రాంతం, భాష అన్న మాటలు మళ్లీ రాలేదు.

ఇక స్ట్రెచర్. దీని మీద నేను ఎంత రాసినా తక్కువే.

స్ట్రెచర్ మోయడం బలం పని అనుకుంటారు. ఇద్దరు మోసేటప్పుడు ముందువాడు ఎడమ కాలితో మొదలుపెడితే వెనకవాడు కుడి కాలితో మొదలుపెట్టాలి. పరేడ్‌లో నెలల తరబడి ఒకే అడుగు వేయడం నేర్పి, ఇక్కడ వేర్వేరు అడుగులు వేయమంటారు. ఎందుకంటే అడుగులు కలిస్తే స్ట్రెచర్ ఉయ్యాలలా ఊగుతుంది. చిన్న అడుగులు, మోకాళ్లు కొంచెం వంచి నడవాలి. చదునైన నేల మీద రోగి కాళ్లు ముందుకు, తల వెనక్కి ఉండాలి. అప్పుడు వెనక పట్టుకున్నవాడికి అతని ముఖం కనిపిస్తూ ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, అంబులెన్స్‌లోకి ఎక్కించేటప్పుడు తల ముందుకు.

ఇదంతా పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకంలో లేనిది మా ఉస్తాద్, అంటే మా శిక్షకుడు, నేర్పాడు. మొదటి వారంలో ప్రతి ఒక్కరినీ స్ట్రెచర్ మీద రోగిగా పడుకోబెట్టి, కళ్లకు గుడ్డ కట్టి, ఒక కిలోమీటరు మోయించాడు. నా వంతు వచ్చినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎవరు మోస్తున్నారో తెలియదు, ఎప్పుడు గుంత వస్తుందో తెలియదు, నడుం కింద నేల లేదు. ఒక చోట కాళ్ల వైపు ఒక్కసారిగా కిందికి దిగింది. గుండె నోట్లోకి వచ్చింది. అప్పుడు తల దగ్గర నుంచి ఒక గొంతు, ‘భాయీ, ముందు వాగు ఉంది, రెండడుగులు దిగుతాం, తర్వాత మళ్లీ చదును’ అంది. అంతే, ఒళ్లు తేలికైంది. దింపాక ఉస్తాద్ అడిగాడు: ‘ఎవడి మోత బాగుంది?’ నేను బలమైనవాడి పేరు చెప్పలేదు. ముందుగా చెప్పినవాడి పేరు చెప్పాను. ‘చెప్పకుండా ఒక్క మనిషినీ ముట్టుకోవద్దు, ఎత్తవద్దు, దించవద్దు’ అన్నాడు ఉస్తాద్. ఆ మాట తర్వాత వార్డుల్లో వేల మంది రోగుల దగ్గర నాకు ఉపయోగపడింది. సూది గుచ్చేముందు చెప్పాలి, కట్టు లాగేముందు చెప్పాలి, పక్కకు తిప్పేముందు చెప్పాలి.

ఉత్తుత్తి క్షతగాత్రుల సంగతి కూడా చెబుతాను. పదాతి దళం నుంచి పది పన్నెండు మంది జవాన్లను తీసుకుని, వాళ్ల చొక్కాలకు చీటీలు గుచ్చుతారు: తొడలో తూటా, రక్తస్రావం ఎక్కువ, పొట్టలో గాయం, దవడ పగిలింది, స్పృహ ఉంది, వినపడటం లేదు. నువ్వు వాళ్లను చూసి ఎవరిని ముందు, ఎవరిని తర్వాత అని వర్గీకరించాలి. ఎక్కువ అరిచేవాడు ముందు కాదు. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే. మూలన నిశ్శబ్దంగా ఉన్నవాడి దగ్గరికి ముందు పరుగెత్తు. రక్తస్రావం ఆపే పట్టీ బిగిస్తే ఎన్ని గంటలకు బిగించావో రాయి. మెడలో కట్టే ఫీల్డ్ మెడికల్ కార్డులో నీ చేతిరాతే తర్వాతి డాక్టరుకు నీ గొంతు.

ఒక ఎక్సర్‌సైజ్‌లో క్షతగాత్రుల మధ్య ‘శత్రు సైనికుడు’ అని చీటీ ఉన్నవాడిని కూడా పడుకోబెట్టారు. అతనిది ఛాతీ గాయం, మొదటి ప్రాధాన్యం. మా వాళ్లలో ఒకడు అతన్ని చివరికి వదిలేశాడు. ఉస్తాద్ ఎక్సర్‌సైజ్ ఆపించి అందరినీ చుట్టూ కూర్చోబెట్టాడు. గాయపడి ఆయుధం వదిలిన క్షణం నుంచి అతను శత్రువు కాదు, రోగి. మనవాడా పరాయివాడా అన్నది కాదు, ఎవరికి చికిత్స ఎంత తొందరగా కావాలన్నదే వరస అని చెప్పాడు. జెనీవా ఒప్పందంలో ఉన్నదే. మన కోర్ నినాదం ‘సర్వే సంతు నిరామయాః’. ఆ ‘సర్వే’లో ఎవరెవరు ఉన్నారో నాకు ఆ రోజు ఇసుకలో కూర్చుని అర్థమైంది.

సాయంత్రం చీకటి పడే వేళ మళ్లీ స్టాండ్ టు. చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టాలి, దోమల మందు రాసుకోవాలి, దోమతెర చూసుకోవాలి. ఇందులో మన తెలుగు నేలకు ఒక సంబంధం ఉంది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో మొదటిసారి చూసిన రోనాల్డ్ రాస్ సైనిక వైద్యుడే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేట దగ్గర చూశాడు. ఈ సంగతి నేను మా డేరాలో చెబితే దోమతెర కట్టుకోవడానికి బద్ధకించే గఢ్వాలీ డ్రైవర్ ఒకడు, ఆ తర్వాత ఎవరు మర్చిపోయినా ‘హైదరాబాద్ వాళ్లు కోప్పడతారు’ అంటూ తానే కట్టేవాడు. మాది హైదరాబాద్ కాదు, పశ్చిమ గోదావరి అని ఎన్నిసార్లు చెప్పినా అతనికి తెలుగువాళ్లందరిదీ హైదరాబాదే. మా వైపు మిలిటరీ మాధవరం అనే ఊరుంది, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని ఇచ్చిన ఊరు. దాని గురించి చెప్పాక మాత్రం ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకున్నాడు.

రాత్రిపూట వెలుతురు ఉండకూడదు. డేరా తలుపు రెండు పొరలుగా కట్టి, లోపల చిన్న టార్చితో పని చేయాలి. ఆ చీకట్లో సెలైన్ ఎక్కించడం నేర్చుకోవాలి. నరం కంటితో కాదు, వేలి కొసతో వెతకాలి. ఎవరి చేతి మీద నేర్చుకుంటావు? నీ తోటివాడి చేతి మీద. నాకు సూది పట్టడం నేర్పినప్పుడు మొదట తన చేయి చాచినవాడు ఒక బెంగాలీ. మూడుసార్లు తప్పాను. మూడోసారి మోచేతి వంపులో నీలంగా వాచింది. నా చేయి వణుకుతోంది. అతను రెండో చేయి చాచి, ‘ఇది ఇంకా కొత్తది’ అన్నాడు. నాలుగోసారి పడింది. మర్నాడు నా చేయి మీద అతను నేర్చుకున్నాడు. 24 ఏళ్లలో నేను పెట్టిన ప్రతి సూదిలోనూ ఆ చేయి ఉంది.

పడుకునే ముందు ఉస్తాద్ చెప్పే కథల్లో మేము మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నది కొరియా కథ. 1950లో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో కొరియా యుద్ధానికి వెళ్లింది. పోరాడటానికి కాదు, వైద్యం చేయడానికి. ఆ డిసెంబరులో ఉత్తర కొరియా రాజధాని ప్యోంగ్యాంగ్ నుంచి ఐక్యరాజ్యసమితి సైన్యాలన్నీ వెనక్కి తగ్గుతున్నాయి. వైద్య సామగ్రి తరలించడానికి వీళ్లకు సరిపడా బండ్లు లేవు. సామాను వదిలేసి వెళ్లడానికి మనసొప్పలేదు. ఒక ఆవిరి రైలింజన్ దొరికింది. ఇంజన్ నడపడం తెలిసినవాళ్లు తమలోనే దొరికారు. నీళ్లు లేకపోతే అందరూ వరసగా నిలబడి చేతి నుంచి చేతికి బకెట్లు అందించి బాయిలర్ నింపారు. సామానంతా ఎక్కించుకుని, వంతెన పేల్చేసేలోపు నది దాటారు. 1951 మార్చిలో ఆ యూనిట్ నుంచి 12 మంది అమెరికా పారాట్రూపర్లతో కలిసి మున్సాన్ దగ్గర పారాచూట్లతో దిగారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ యూనిట్టే 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం తర్వాత ఇస్కెందెరున్‌లో ఫీల్డ్ ఆసుపత్రి నడిపింది. మాకు ఆ కథలో అన్నిటికంటే నచ్చింది బకెట్ల వరసే. అందులో డాక్టరు పక్కన వంటవాడు, వంటవాడి పక్కన డ్రైవరు నిలబడి ఉంటారని మేము ఊహించుకునేవాళ్లం.

అంతా పాలూ నీళ్లలా కలిసిపోతారని మాత్రం అనుకోవద్దు. చలి రాత్రి కాపలా మార్పుకు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడి మీద కోపం వస్తుంది. ఎవరి సీసాలో నీళ్లు ఎవరు తాగారన్న దాని మీద కొట్టుకునే దాకా వెళ్లినవాళ్లున్నారు. వరసగా రొట్టె, పప్పు తిని విసిగిపోయి, అన్నం కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఇంటి నుంచి ఉత్తరం రాని వారంలో మనిషి ముళ్లపందిలా ఉంటాడు. మా రోజుల్లో ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనే ఆర్మీ పోస్టాఫీసు చిరునామాకు వచ్చే ఇన్‌లాండ్ కవర్లే ఆధారం. ఇప్పుడు ఫోన్లున్నా ఎక్సర్‌సైజ్‌లో దగ్గర ఉంచుకోనివ్వరు. అందరూ నీకు స్నేహితులు కారు, కానక్కర్లేదు కూడా. స్ట్రెచర్ పిడి పట్టుకున్నంతసేపు అవతలివాడిని నమ్మగలిగితే చాలు.

నమ్మకం అన్నాను కాబట్టి నా తప్పు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లలో ఎక్కువమందికి చెప్పలేదు.

ఒక ఎక్సర్‌సైజ్‌లో రాత్రిపూట నలుగురం స్ట్రెచర్ మోస్తూ ఇసుక దిబ్బ దాటాలి. ఆ రోజు పొద్దుటి నుంచి నాకు విరేచనాలు. చెబితే నన్ను తప్పిస్తారు, నా వల్ల మా సెక్షన్ వెనకబడుతుంది, నన్ను బలహీనుడనుకుంటారు అని దాచాను. ఓఆర్ఎస్ పొట్లాలు నా సంచిలోనే ఉన్నాయి. అందరికీ కలిపి ఇచ్చే మనిషిని, నేను తాగలేదు. తాగితే ఎవరైనా అడుగుతారని. దిబ్బ సగం ఎక్కాక కళ్లు చీకట్లు కమ్మాయి. నా పిడి జారింది. స్ట్రెచర్ ఒరిగి, దాని మీద రోగిగా పడుకున్న మరాఠీ కుర్రాడు దొర్లిపోయి భుజం మీద పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. ఉత్తుత్తి ఎక్సర్‌సైజ్ ఆగిపోయి నిజమైన తరలింపు మొదలైంది.

నాకు సగం స్పృహే ఉంది. ఇసుక చల్లగా చెంపకు తగులుతోంది. హిందీలో ఎవరో ఏదో అడుగుతున్నారు, నాకు అర్థం కావడం లేదు. భాషలన్నీ ఎక్కడికో పోయాయి. అప్పుడు చెవి దగ్గర ‘ఎక్కడ నొప్పి? ఎక్కడ నొప్పి, తమ్ముడూ?’ అని వినిపించింది. మలయాళీ యాసలో తెలుగు. నీళ్ల కప్పుల ముందు కూర్చుని నేనే నేర్పిన మాటలు. మేము ఇద్దరం ఒక నోటు పుస్తకం పెట్టుకుని, దేశం నలుమూలల జవాన్లను అడగడానికి ఆ ఒక్క ప్రశ్ననూ తొమ్మిది భాషల్లో రాసుకున్నాం. అది ఒకరోజు నన్నే అడుగుతారని అనుకోలేదు. ‘సూది పెడుతున్నాను, చురుక్కుమంటుంది’ అని చెప్పి మరీ పెట్టాడు. రాత్రంతా సెలైన్ సీసా పక్కన కూర్చున్నాడు.

పొద్దున ఉస్తాద్ వచ్చాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. ‘స్ట్రెచర్ మీద ఉన్నవాడికి ముందు గుంత ఉందని చెప్పడం నేర్చుకున్నావు. పక్కన మోసేవాడికి నువ్వే గుంతవని చెప్పడం నేర్చుకోలేదు’ అన్నాడు. అంతకంటే పెద్ద శిక్ష నాకు సర్వీసులో పడలేదు. మలయాళీ అన్న వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. రోజూ పక్కన కూర్చునే నాకు కూడా చెప్పలేదేమని అతని బాధ. అది న్యాయమైన బాధ.

ఆ మరాఠీ కుర్రాడికి ఆసుపత్రికి ఉత్తరం రాశాను. క్షమించమని రాయడానికి మూడు కవర్లు చించాను. అతను రెండు వాక్యాల్లో జవాబిచ్చాడు: చేయి బాగానే ఉంది, వచ్చాక మాట్లాడుకుందాం. రెండు నెలల తర్వాత యూనిట్‌కు తిరిగి వచ్చాడు. మళ్లీ స్ట్రెచర్ డ్రిల్ పెట్టినప్పుడు రోగిగా ఎవరు పడుకుంటారని ఉస్తాద్ అడిగితే, అందరికంటే ముందు అతను చేయెత్తాడు. పడుకుంటూ నన్ను పిలిచి, తల వైపు పిడి పట్టుకోమన్నాడు. ఆ కిలోమీటరు పొడవునా ప్రతి రాయినీ, ప్రతి గుంతనూ అతనికి చెబుతూ నడిచాను. ఎక్సర్‌సైజ్ చివర బడాఖానాలో, అంటే అధికారులూ జవాన్లూ కలిసి తినే విందులో, అతను నా పక్కనే కూర్చున్నాడు. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ సీసా ఆ రోజు వాళ్లందరి ముందూ ఖాళీ అయింది.

కాబట్టి స్నేహితులు దొరుకుతారా అన్న నీ ప్రశ్నకు నా జవాబు: దొరుకుతారు, నువ్వు నోరు విప్పితే. హిందీ వ్యాకరణం గురించి భయపడకు. తప్పుగా మాట్లాడితే ఎవరైనా సరిదిద్దుతారు, మౌనంగా ఉంటే ఎవరూ దగ్గరికి రాలేరు. ఒంట్లో బాగాలేకపోతే మొదటి గంటలోనే నీ బడ్డీకి, అంటే నీకు జతగా ఉండేవాడికి, చెప్పు. మన పనిలో రోగాన్ని దాచుకునే హక్కు మనకు లేదు.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లవలసినవి అడిగావు. మందపాటి నూలు మేజోళ్లు నాలుగైదు జతలు. చిన్న గోరు కత్తెర. పాడవని పొడి ఏదైనా అమ్మ చేత చేయించుకో. కందిపొడి అయితే రొట్టెతోనూ వెళ్తుంది, డేరాలో ఆరుగురికీ పంచవచ్చు. జేబులో పట్టే నోటు పుస్తకం ఒకటి, చెమటకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి. దాని మొదటి పేజీలో ఇవి రాసుకో. హిందీలో ‘దర్ద్ కహా హై?’ పంజాబీలో ‘కిత్థే దర్ద్ ఏ?’ మరాఠీలో ‘కుఠే దుఖతంయ్?’ బెంగాలీలో ‘కొథాయ్ బ్యథా?’ గూర్ఖా జవాన్ల కోసం నేపాలీలో ‘కహా దుఖ్యో?’ తమిళంలో ‘ఎంగే వలిక్కుదు?’ మలయాళంలో ‘ఎవిడెయాణు వేదన?’ కన్నడంలో ‘ఎల్లి నోవిదె?’ ఉచ్చారణ తప్పితే వాళ్లే దిద్దుతారు. తొమ్మిదోది మాత్రం నీ డేరాలో ఉండే ఐదుగురికీ మొదటి వారంలోనే నువ్వు నేర్పు.